ఊగని కొక్కెం

కార్ఖానాలో మా షాపుకి, కప్పు కింద పట్టాల మీద నడిచే కొత్త క్రేను వచ్చిన ఏడాది, దాన్ని నడిపే కుర్చీ కోసం మా బావ దేముడు తన పేరిచ్చుకున్నాడు. అప్పటికి మేమిద్దరం ఖలాసీలం. ఇనప దూలాలకి గొలుసులు కట్టడం, కింద నుంచి చెయ్యూపి క్రేనుకి దారి చూపడం మా పని. పరీక్షలో నెగ్గితే బావ పైన కేబిన్లో కూచుంటాడు. తప్పితే మళ్ళీ గొలుసులే. రెండోసారి ఎక్కనివ్వరు.

నేర్పేవాళ్ళకి కొదవ లేదు. పొద్దున్న ఇంజనీరు సేన్‌బాబు క్లాసు. చేతికి తలగడంత పుస్తకం. గోడల నిండా బొమ్మలు. పాత ఆపరేటరు ముసలయ్య ఒకటి చెబితే ఫోర్‌మన్ మిశ్రా ఇంకోటి చెప్పేవాడు. టీ కొట్టు దగ్గర క్రేను మెట్లు ఎక్కనివాళ్ళు కూడా చెప్పేవారు. బావ అందరికీ తలూపేవాడు. మా వైపు వాళ్ళకి అదో జబ్బు. పెద్దవాడు చెబుతుంటే అర్థం కాలేదనడం మర్యాద కాదనుకుంటాం.

ఒక మధ్యాహ్నం బావ క్రేను నడుపుతున్నాడు. కేబిన్లో పక్కనున్న ముసలయ్య "లాగు" అన్నాడు. కింద నుంచి మిశ్రా "రోకో" అని, ఆపమని అరిచాడు. బావ ఇద్దరి మాటా మన్నించాడు. కొక్కేనికున్న దూలం ఊగిపోయి, పేర్చిన డ్రమ్ముల్ని కూలదోసింది. ఎవరికీ తగల్లేదు. ఇంకోసారి ఇలా అయితే పేరు కొట్టేస్తానన్నాడు మిశ్రా.

సాయంత్రం సైకిళ్ళు నడిపించుకుంటూ మా పేట సీతారాండేరా వచ్చాం.

"ఏటి బావా, మాటాడవు?"

"బుర్రలో సంత జరగతందిరా. ఎవుడి కేక ఎవుడిదో తెలీదు."

"మరి అందరికీ తలెందుకూపుతావు? గంగిరెద్దువా?"

బావ సైకిలు తోసుకుంటూ సందులోకి తిరిగాడు.

ఇంటికి రాగానే మా అక్క కస్తూరమ్మ బావని కుళాయి నీళ్ళకి పంపింది. కావిడి బద్దకి రెండు నిండు బిందెలు. బావ కొంచెం దూరం నడిచి ఆగాడు. బిందెలు ముందుకూగాయి. వాటి వెనకే అరడుగు వేశాడు. ఊపు చచ్చింది. మళ్ళీ నడిచాడు, మళ్ళీ ఆగాడు.

"నీళ్ళు తెత్తావా, ఆటాడతావా?" అంది అక్క.

"ఉండవే. ఒకటి దొరికింది."

మర్నాడు ముసలయ్య ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "తాతా, ఇప్పుడు నాకు ఊపు చంపడం ఒక్కటే సెప్పు. మిగిలింది నానే వచ్చి అడుగుతాను."

ముసలయ్య లేచాడు. "అడగడం వచ్చిందన్నమాట. అయితే రా."

సేన్‌బాబుని కూడా అదే అడిగాడు. ఆయన పుస్తకంలో ఆ పేజీ తీసి, అక్కడ అగ్గిపుల్ల పెట్టిచ్చాడు. టీ కొట్టు వాళ్ళు మాత్రం ఊరుకోలేదు.

"చెవుల్లో దూది పెట్టుకున్నాడ్రా ఆపరేటరు గారు."

"దూది కాదు, తలుపు ఎట్టాను. ఒకొక్కలే రండి" అన్నాడు బావ.

ముందు ఉత్త కొక్కెం. నడపడం, ఆపడం, ఊపు చంపడం. తరవాత దూలం. చెయ్యి బుర్రని అడగడం మానేశాకే ఇంకో లివరు ముట్టేవాడు. ఆ లివరు గురించి అప్పుడే పుస్తకం తెరిచేవాడు.

పరీక్ష రోజున కొక్కేనికి బకెట్టు తగిలించి అంచుదాకా నీళ్ళు పోశారు. షాపు ఈ కొస నుంచి ఆ కొసకి, దూలాల గుట్టల మధ్యగా తీసుకెళ్ళి, సుద్దముక్కతో గీసిన సున్నాలో దించాలి. చుక్క ఒలకకూడదు. కింద చెయ్యూపేది నేనే.

అన్ని వైపుల నుంచీ కేకలు. ధీరే, నెమ్మదిగా అని ఒకడు, ఇటు అని ఒకడు. బావ నా చెయ్యి తప్ప ఏదీ చూడలేదు. గుట్టల మధ్య మలుపులో క్రేను ఆగింది, బకెట్టు ఆగలేదు. ముందుకి వాలింది. క్రేను దాని వెనకే మూరెడు జరిగి, సరిగ్గా దాని నెత్తిమీద నిలబడింది. అంచున నీళ్ళు వణికి సర్దుకున్నాయి.

బకెట్టు సున్నాలో దిగింది. సేన్‌బాబు వంగి నేలంతా తడిమి, పొడి అరచెయ్యి మిశ్రాకి చూపించాడు. మిశ్రా మీసం గోక్కున్నాడు.

"ఆజ్ సే కుర్సీ తేరీ" అన్నాడు. కుర్చీ ఇవాళ్టి నుంచే నీదని.

షాపంతా పానాలతో దూలాల మీద వాయించారు. టీ కొట్టు వాళ్ళే ఎక్కువ వాయించారు. కిందికి దిగుతాడని చూశాం. బావ కేబిన్లోంచి తల బయటపెట్టాడు.

"ఒరే సూర్యం, బకెట్టు తీసి దూలం కట్టు. పొద్దున్నుంచి పని ఆగిపోనాది."

కట్టాను.