మంచాన పడని వంశం

నరసింగరావు ఇంటి మగవాళ్ళకు ఒక గొప్ప ఉంది. వాళ్ళు మంచాన పడరు. రాజాం చుట్టుపక్కల ఫలానా ముసలాయన ఆర్నెల్లు మంచంలో తీసుకుని తీసుకుని పోయాడని ఎవరైనా చెబితే చాలు, ఆ ఇంటివాళ్ళు మీసం మీద చెయ్యి వేసుకుని, "మాకా బాద లేదు" అనేవారు. ముత్తాత నాగలి మేడి పట్టుకుని ఉండగానే వాలిపోయాడు. తాత నూర్పిడి కళ్ళంలో పోయాడు. నరసింగరావు చిన్నతమ్ముడు అమ్మవారి జాతరలో జీళ్ళు బేరమాడుతూ పోయాడు. ఇంకో తమ్ముడు చంద్రమౌళి అయితే పొలం గట్టు మీద తలపాగా చుట్టుకుంటూ, చుట్టు పూర్తికాకుండానే పోయాడు. అప్పటికి నలభై నాలుగేళ్ళు. ఊరు ఊరంతా చేతులెత్తి దండం పెట్టింది. అనాయాస మరణం, పుణ్యాత్ముల వంశం అన్నారు. ఇంత పుణ్యం ఈ ఒక్క ఇంటికే ఎందుకొచ్చి పడిందని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఆ చంద్రమౌళి కూతురు సింధూరి. రాజాంలో కాలేజీ లెక్చరరు, వారపత్రికల్లో కథలు రాస్తుంది. ఆమె తమ్ముడు పృథ్వీరాజ్ ఇరవై ఎనిమిదేళ్ళ వాడు, వాలీబాల్ ఆడుతూ నెట్టు దగ్గర ఎగిరాడు, కిందికి వచ్చాక మళ్ళీ లేవలేదు. స్నేహితులు రొమ్ము మీద నొక్కుతూనే రాజాం తెచ్చారు, అక్కణ్ణించి విశాఖపట్నం తీసుకెళ్ళారు. గుండె మళ్ళీ కొట్టుకుంది గానీ మెదడు తిరిగి రాలేదు. డాక్టర్లు ఒకటికి రెండుసార్లు పరీక్షలు చేసి, ఇక లేడమ్మా అని చెప్పి, అవయవాల మాట మెల్లిగా ఎత్తారు. నరసింగరావు మొహం తిప్పుకున్నాడు. అక్కాతమ్ముళ్ళ తల్లి చిన్నతల్లి మాత్రం కళ్ళు తుడుచుకుంది.

"కాలిపోయీదే గదా బాబూ. బతికున్నోడికి పనికొస్తాదంటే తియ్యండి. అన్నీ తియ్యండి," అంది.

సాయంత్రం డాక్టరు మళ్ళీ వచ్చాడు. మూత్రపిండాలు, కాలేయం, కళ్ళు తీసుకుంటామన్నాడు. గుండె మాత్రం తీసుకోలేమన్నాడు.

అన్నిటికీ తలూపిన చిన్నతల్లికి ఆ మాటతో కోపం వచ్చింది. "ఏటి బాబూ, నా కొడుకు గుండెకేటి తక్కువ? ఎవులింట్లో కష్టమొచ్చినా ముందు ఆడే ఎల్లీవోడు. ఎవుల్నైనా అడుగు."

"కష్టపడే గుండేనమ్మా. కానీ దాని గోడ మందంగా ఉంది. పుట్టుకతో వచ్చే తేడా అది, కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. మీ ఇంట్లో ఇలా ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఏడ్చి ఏడ్చి వాచిపోయిన ఆ తల్లి మొహంలోకి, నమ్మండి, గర్వం వచ్చింది. "ఎవరైనా ఏటి బాబూ! మా ఇంట మగోళ్ళందరూ అలాగే పోతారు. ఒక్కడూ మంచాన పడ్లేదు," అంది.

డాక్టరు రాస్తున్న పెన్ను ఆగిపోయింది. అతను సింధూరి వైపు చూశాడు. నాన్న, తాత, చిన్నాన్న, ఆ జీళ్ళ పొట్లం, ఆ తలపాగా అన్నీ ఒక్కసారి సింధూరి కళ్ళ ముందు కదిలాయి. అవి పుణ్యాలు కావు. ఒకే జబ్బు ఒకరి తర్వాత ఒకర్ని తీసుకుపోతుంటే, ఇంటిల్లిపాదీ దానికి హారతి పట్టారు.

రక్తసంబంధీకులందరికీ ముందు ఈసీజీ, తర్వాత ఎకో పరీక్ష చేయించమన్నాడు డాక్టరు. ముందుగా తెలిస్తే మందులున్నాయట. అవసరమైన వాళ్ళకు చర్మం కింద చిన్న మిషను పెడతారట, గుండె దారి తప్పితే అదే ఒక దెబ్బ కొట్టి దారిలో పెడుతుందట. అలా బతికి మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారన్నాడు. సింధూరి ఊరికి బయల్దేరే ముందే తన పరీక్షలు చేయించుకుంది. ఆమె గుండె బాగానే ఉంది. ఆ మాట విన్నప్పుడు సంతోషం వేయలేదు, సిగ్గేసింది.

పృథ్వి ఊరికి వచ్చినప్పుడు అవయవాలు ఇచ్చినవాడని అధికారులు దండ తెచ్చారు, గౌరవ వందనం చేశారు. నరసింగరావు దండ పక్కన నిలబడి ఫొటో దిగాడు. తప్పు పట్టడానికి లేదు, పెంచిన చేతులవి. కానీ ఆయనకు దండ కావాలి గానీ ఆసుపత్రి నుంచి వచ్చిన కబురు అక్కర్లేకపోయింది.

"ఒసే సింధూరీ, నువ్వు కతలు రాస్తావు. రాసుకో. నీ పుస్తకాల్లో ఎంతమందిని సంపుకుంటావో సంపుకో. నా ఇంట్లో మాత్రం సంపకు," అన్నాడు. "తులసికి సాలూరు సంబంధం కుదిరింది. ఏడాది తిరిగాక ముహూర్తం. గుండెజబ్బోళ్ళ ఇల్లని పేరు పడిందంటే నా పిల్లనెవడు సేసుకుంటాడే? ఇంటిగుట్టు లంకకి సేటు."

"పేరు కోసం పేనాలు పోగొట్టుకుంటామేటి పెద్నాన్నా?"

"పెళ్ళై ఎల్లిపోయినదానివి. నీ ఇంటిపేరు ఏరు, మా ఇంటిపేరు ఏరు. మా దాయాదుల్లో నీకేటి పని?"

"పేరు మారింది పెద్నాన్నా, రగతం మార్లేదు," అంది సింధూరి. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

దాయాదులకు ఒక్కొక్కరికీ ఫోను చేసింది. చాలామంది ఆమెను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళే. ఒకడు పంట పనుల్లో ఉన్నానన్నాడు. ఒకడు నాకేటప్పా, గునపంలా ఉన్నానన్నాడు. రమేష్‌బాబు అనేవాడు అంతా శ్రద్ధగా విని, "కత బాగుందప్పా, ఏ పత్రిక్కి పంపుతన్నావు?" అని అడిగాడు. సింధూరి ఫోను మంచం మీదికి విసిరి కొట్టింది. లేని మనుషుల్ని పుట్టించి, లేని కష్టాలు పెట్టి రాస్తే, ఎక్కడెక్కడి వాళ్ళో ఏడ్చామని ఉత్తరాలు రాశారు. జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కల్పించకుండా చెబితే సొంతవాళ్ళు కథ అంటున్నారు. తమ్ముడు పోయిన ఏడుపు ఒక పక్క, ఈ కోపం ఒక పక్క. ఇక మాటలతో పని లేదనుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కంటే వాడి చెయ్యి పట్టుకు లాగడం నయం.

పదో రోజున పెద్దదినం. ఎన్ని పనులున్నా, ఎంత పగలున్నా, ఆ రోజు దాయాది అన్నవాడు రాకుండా ఉండడానికి వీల్లేదు. గుండు చేయించుకోవాలి, ఏట్లో మునగాలి, తిలోదకాలు వదలాలి, చావింట బంతిలో కూర్చుని తినాలి. వాళ్ళు తినకుండా వెళ్ళిపోతే పోయినవాడి కార్యం తీరదు. ఇది అందరికీ తెలుసు. సింధూరికీ తెలుసు.

నాగావళిలో మునిగి, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టనివాళ్ళు గుండ్లతో, తడి పంచెలతో, చొక్కాల్లేకుండా ఇంటికొచ్చారు. పందిట్లో విస్తర్లు వేసి ఉన్నాయి. అన్నం గంపల్లో పొగలు కక్కుతోంది. గుమ్మడికాయ దప్పళం వాసన వీధి చివరిదాకా పోతోంది. పందిరి మొగలో మాత్రం అడ్డంగా ఒక నవారు మంచం వేసి ఉంది. మంచం పక్కన స్టూలు మీద ఈసీజీ మిషను, దాని పక్కన రాజాం ల్యాబు నుంచి వచ్చిన కన్యాకుమారి తెల్లకోటుతో నిలబడి ఉంది. తీసిన ప్రతి గ్రాఫునూ ఫోనులో చూసి చెప్పడానికి శ్రీకాకుళంలో గుండె డాక్టరు ఒప్పుకున్నాడు.

"ముందు మంచం, తరవాత ఇస్తరి," అంది సింధూరి.

"ఏటప్పా, బోయినానికి టిక్కెట్టెట్టావేటి?" అన్నాడు రమేష్‌బాబు.

"సావింట్లో బతికున్నోడు మంచమెక్కి తొంగుంటాడేటే? బుద్దుందా నీకు?" నరసింగరావు గొంతు పందిరంతా మోగింది. "తమ్ముడి కార్యం సెడగొడతావా? లెగండ్రా, ఎల్దాం!"

మంచం దాటి రాబోతున్నవాళ్ళు ఆగిపోయారు. అందరూ ఆయన వెనక నిలబడ్డారు. వాళ్ళు తినకుండా వెనక్కి తిరిగితే పృథ్వి కార్యం సగంలో ఆగిపోతుంది, తరతరాలూ ఊరు సింధూరి పేరు చెప్పి ఉమ్ముతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మంచం పట్టె వదల్లేదు.

"బంతికెల్లాలంటే ఈ మంచమెక్కే ఎల్లాల పెద్నాన్నా. నానైతే తప్పుకోను."

అప్పుడు లోపల్నించి చిన్నతల్లి వచ్చింది. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఏం చెప్పినా తలుపు చాటు నుంచే చెప్పేది. ఇవాళ నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బావా, నా పెనిమిటి పోయినప్పుడు అందరూ నన్ను అదురుష్టవంతురాలన్నారు. సేవ సెయ్యక్కర్లేకుండా పోయాడన్నారు. నానూ నమ్మీసాను. ఇప్పుడు సెప్తన్నాను, ఇను. నా కొడుకు మంచాన పడాల. నాను సచ్చిపోయాక కూడా ఆడు ముసిలోడై, పళ్ళూడిపోయి, దగ్గుతా, కోడలి మీద ఇసుక్కుంటా, ఆరేసి నెల్లు మంచాన పడుండాల. ఆడి పెళ్ళాం ఆడికి గంజి పట్టాల. నాకా బాగ్గెం లేకపోయింది. నీకింకా ఉన్నాది. ఎందుకు కాల్దన్నుకుంతన్నావు బావా?"

నరసింగరావు మరదలి మొహం ముప్పై అయిదేళ్ళలో మొదటిసారి సరిగా చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి సింధూరి చేతిలో పెట్టి, వెళ్ళి మంచం మీద పడుకున్నాడు.

పెద్దాయనే పడుకున్నాక మిగిలినవాళ్ళకు నోరేది? ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అప్పుడే ఏట్లో మునిగొచ్చిన చల్లటి ఒళ్ళు తుడిచి కన్యాకుమారి తీగలు తగిలించేది, కాయితం బయటికి వచ్చేది, ఫొటో శ్రీకాకుళం వెళ్ళేది. పరీక్ష అయినవాడు వెళ్ళి విస్తరి ముందు కూర్చునేవాడు. రమేష్‌బాబు తన వంతు వచ్చేసరికి చెమటలు పట్టి, "నొప్పెడతాదేటప్పా?" అని మూడుసార్లు అడిగాడు.

డాక్టరు ఫోను చేశాడు. సింధూరి విని, నరసింగరావు దగ్గరికి వచ్చింది.

"నీ గ్రాపులో తేడా ఉన్నాదంట పెద్నాన్నా. కంగారు లేదు, కొందరికి అది ఉన్నా ముసిలితనం దాకా ఏటీ అవదంట. కానీ నీ పిల్లల్ని మాత్రం పరీచ్చ సెయ్యకుండా ఒగ్గొద్దన్నారు."

నరసింగరావు కొడుకు తిరుమలరావు గ్రాఫు అప్పటికే వెళ్ళింది. అందులో ఏ తేడా లేదు, ఎకో తర్వాత చేయిద్దామన్నారు. పెద్దాయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "సూసావా, నా కొడుకు రాయి! ఇంక వడ్డించండర్రా," అని అన్నంలో చెయ్యి పెట్టాడు.

"నీకు ఇంకో బిడ్డున్నాది పెద్నాన్నా."

"అది ఆడపిల్ల. మనింట ఇది మగోళ్ళకే గదే..."

"మగా ఆడా తేడా లేదంట. నానందుకే ముందు సేయించుకున్నాను."

అంతలోనే తులసి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరూ పిలవలేదు. "నాను తొంగుంటానప్పా," అంది.

లోపల తలుపు వేసి కన్యాకుమారి తీగలు తగిలిస్తుంటే తులసి సింధూరి చెయ్యి పట్టుకుంది. "మేడ మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగిపోతన్నాయప్పా. ఒకరోజు బడిలో పాటం సెప్తా పడిపోయాను. సంబంధం సెడిపోతే నాన్న తట్టుకోలేడని ఎవరికీ సెప్పలేదు."

సింధూరి ఆ పిల్ల జుట్టు సవరిస్తూ కూర్చుంది. ఈసారి డాక్టరు ఫోను రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంకేమీ ఆలోచించకుండా ఇవాళే తీసుకురమ్మన్నాడు.

సింధూరి బయటికి వచ్చేసరికి నరసింగరావు ఆమె మొహం చూసి ముద్ద విస్తట్లోనే వదిలేశాడు.

"బతుకుతాదా?" ఒక్కటే అడిగాడు.

"బతుకుతాది పెద్నాన్నా. మందులతో సరిపోతాదో, మిషనెట్టాల్సొస్తాదో ఎకో సూసి సెప్తారు. టయానికే తెలిసింది. ఇవాళే ఎల్లాల."

చిన్నతల్లి గదిలోకి వెళ్ళి తులసిని గుండెలకు హత్తుకుంది. "మా పృథ్వి నీక్కూడా పేనం ఇచ్చాడే అమ్మా," అని పదిరోజుల నుంచి బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. తులసి తల్లి తాయారు మాత్రం మొగుడి పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "ఈ సంగతి సాలూరోళ్ళ సెవిన పడకుండా సూడండి. ముందు వైద్దిగం అవనీయండి, తరవాత సూద్దాం," అంది.

నరసింగరావు చెయ్యి కడుక్కున్నాడు. సింధూరి చేతిలోని తువ్వాలు తీసుకుని గుండు మీది చెమట తుడుచుకున్నాడు. లోపల్నించి ఫోను తెప్పించుకుని, దాయాదులందరూ చూస్తుండగానే సాలూరు నంబరు నొక్కాడు.

"బావగారూ, నాను నరసింగరావుని. మా తులసి గుండెలో తేడా ఉన్నాది. మా వంశంలోనే ఉన్నాది, నాకూ ఉన్నాది, మాకు ఇవాళే తెలిసింది. వైద్దిగానికి తీసుకెల్తన్నాను. మీకిష్టమైతే సంబంధం ఉంటాది, కష్టమైతే ఉండదు." ఆయన తులసి ఉన్న గది వైపు చూశాడు. "నాకు మాత్రం పిల్ల ఉంటాది."

అవతలాయన ఏదో అంటూనే ఉన్నాడు. నరసింగరావు ఫోను రొంటిన దోపుకుని, "తిరుమలా, బండి తియ్యి," అన్నాడు.