ఉస్తాదుగారి దగ్గు

ఆ వేళ పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకి కొత్త ఇమాంగారి బస్సు మామిడికుదురు దగ్గర చెడిపోయింది. అందుకని నమాజు చదివించడానికి మా జిలానీ ముందు నిలబడ్డాడు. వాడిది కొబ్బరికాయల వ్యాపారం, గొంతు పెద్దది. ఖురాన్‌లో మొట్టమొదటిదైన ఫాతిహా సూరా ఎత్తుకుని, మూడో వాక్యం అవ్వగానే ఖళ్లుమని ఒక దగ్గు దగ్గి, నాలుగోది అందుకున్నాడు.

అప్పటికే ఇమాంగారు వచ్చి వెనక వరసలో కలిసేరు. నమాజు అయ్యాక అడిగేరు.

"జలుబు చేసిందా జిలానీ భాయ్?"

"లేదండీ."

"మరి దగ్గేరు?"

"అక్కడ దగ్గుంది కదండీ."

"ఎక్కడ?"

"ఖురాన్‌లోనండీ."

ఇమాంగారు మా వైపు చూసేరు. మేం అవునన్నట్టు తలలూపేం. ఆయన ఒక్కొక్కరి చేతా చదివించేరు. టీకొట్టు నబీ దగ్గేడు. నేనూ దగ్గేను. నగరం అనే మా ఊళ్ళో యాభై దాటిన మగాళ్ళందరం అదే చోట, ఒకటే శ్రుతిలో దగ్గేం.

ఆ దగ్గు ఖుద్దూస్ ఉస్తాదుగారిది. మొన్న మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చునేదాకా మసీదులో ఆయనే ముందు నిలబడేవారు. మా చిన్నప్పుడు చదువు చెప్పింది కూడా ఆయనే. ఫాతిహా మేం పుస్తకం చూసి నేర్చుకోలేదు, ఆయన నోరు చూసి నేర్చుకున్నాం. ఆయన బీడీలు తెగ కాల్చేవారు. మూడో వాక్యం పూర్తయ్యేసరికి ఊపిరి అయిపోయి దగ్గొచ్చేది. "అచ్చం నాలాగే అనండిరా," అనేవారు. అచ్చం ఆయనలాగే అన్నాం.

కొట్టేటప్పుడు ఒక మాట చెప్పేవారు. "నేను పోయాక కూడా మీరు చదివే ప్రతి అక్షరానికీ నాకు సమాధిలో పుణ్యం అందుతుందిరా. తప్పు నేర్పితే ఆ పాపమూ నాకే అందుతుంది. అందుకే కొడుతున్నాను. మీ మీద ప్రేమతో కాదు."

ఇమాంగారు ఉస్తాదుగారింటికి వెళ్ళి మర్యాదగానే విషయం చెప్పేరు.

"అంటే నా బీడీ నా వెనకే సమాధిలోకి వస్తుందన్నమాట," అన్నారు ఉస్తాదుగారు.

శుక్రవారం మా అందరినీ తన ఇంటికి పిలిపించేరు. మనవలున్నవాళ్ళం, అరుగు మీద మోకాళ్ళు మడిచి వరసగా కూర్చున్నాం.

"దగ్గు లేకుండా చదవండి."

జిలానీ మొదలెట్టేడు. మూడో వాక్యం దాటగానే ఊపిరి బిగబట్టేడు. మెడ నరాలు ఉబ్బేయి. నాలుగోది రాలేదు.

"తలుపు తియ్యకుండా లోపలికెళ్ళమంటే ఎలాగండీ?" అన్నాడు.

నబీ దగ్గు మింగేడు. అది ఎక్కిళ్ళై పైకొచ్చింది. ఉస్తాదుగారు అలవాటుగా బెత్తం కోసం తడుముకున్నారు. చేతికర్ర తగిలింది.

"మీరు కాక ఇంకెవరు నేర్చుకున్నార్రా దీన్ని?"

నేనే చెప్పేను. మాతో చదివిన చాంద్‌బీ పోయింది గానీ, పోయేముందు కూతురు రిజ్వానాకి నేర్పింది. రిజ్వానా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. సెలవు రోజున అక్కడి మనవాళ్ళ పిల్లలకి చదువు చెబుతోంది.

"అరబ్బుల దేశంలో కూడానా!" అని ఉస్తాదుగారు నెత్తి కొట్టుకున్నారు.

జిలానీ ఫోన్‌లో వీడియో కలిపేడు.

"అస్సలాము అలైకుం తాతగారూ. మీరెవరండీ?"

"మీ అమ్మకి చదువు చెప్పినవాణ్ణి. ఫాతిహా చదవమ్మా."

రిజ్వానా చదివింది. ఏ అక్షరం గొంతులో ఎక్కడ పుట్టాలో అక్కడే పుట్టింది. మేం కూడా అంత బాగా చదవలేం. మూడో వాక్యం అయ్యేక చిన్న దగ్గు. కఫం లేని, కడిగి ఆరబెట్టిన దగ్గు.

"మా మేడమ్ దీనికి రోజూ మందు పోసేదండీ," అని నవ్వింది. "జలుబు కాదమ్మా, మా అమ్మ ఇలాగే నేర్పింది అన్నానండీ."

"అది అల్లా మాట కాదు తల్లీ. నా బీడీ. తీసెయ్యి."

"ఆయ్, అలాగేనండీ."

మళ్ళీ చదివింది. కాలవలో పడవ వెళ్ళినట్టు, మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు. "పిల్లలకీ చెప్పేస్తాను తాతగారూ. మేడమ్ పిలుస్తున్నారు, ఉంటానండీ," అని పెట్టేసింది.

ఉస్తాదుగారు ఆరిపోయిన ఫోన్‌ని వేలితో తట్టేరు.

"అంతేనా?"

"అంతేనండీ."

"కాస్తైనా తడబడలేదు."

"లేదండీ."

"మీ సమాధి శుభ్రమైపోయినట్టేనండీ," అన్నాడు జిలానీ.

"నోరుముయ్యి. నువ్వు చదువు."

జిలానీ గొంతు సవరించుకుని మొదలెట్టేడు. మూడో వాక్యం దాటగానే మళ్ళీ మెడ నరాలు ఉబ్బేయి. దగ్గితే దగ్గనీ అన్నట్టు ఉస్తాదుగారు గోడకేసి తిరిగేరు.

"నీ సంగతి రేపు చూద్దాంలే," అన్నారు.