ఆయన మొహం దగ్గరగా

ఆదివారం భూపాల్ తీస్తున్న షార్ట్ ఫిలింలో తాగుబోతు మొగుడి వేషం వేయాల్సినవాడు రాలేదు. గనిలో అతనికి సెలవు రోజు డ్యూటీ పడింది. భార్య వేషం సంతోషిది. షూటింగు కూడా ఆమె క్వార్టర్ వాకిట్లోనే.

"బావ ఇంట్లనే ఉన్నడు గదక్కా. ఆయననే నిలబెడుదం," అన్నాడు భూపాల్.

మొగుడు సంపత్ సంతోషిని కొడతాడని ఆ క్వార్టర్ల లైనులో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండటానికి టీవీ సౌండు పెంచి, దెబ్బ తగిలిన చోట కొంగు కప్పుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

మొదట లాంగ్ షాట్. భూపాల్ భార్య సంధ్యారాణి కెమెరాను రోడ్డవతల స్టాండు మీద పెట్టింది. అంత దూరం నుంచి వాకిలి, ఆరేసిన బట్టలు, ఇద్దరు మనుషులు కనబడతారు గాని, చెయ్యి చెంపకు తగిలిందో లేదో తెలియదు. సంపత్ గాలిలో చెయ్యి ఊపాడు. సంతోషి కూలబడింది.

గోడ మీద కూర్చుని చూస్తున్న పక్కింటి ఐలవ్వ నవ్వింది. "ఏంది సంపతూ, ఈగలను తోలుతున్నవా? గట్ల కొడితే మా పిల్లి సుత బెదరది."

చుట్టూ చేరినవాళ్లంతా పగలబడి నవ్వారు. సంపత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్ల తియ్యి," అన్నాడు.

ఈసారి సంధ్యారాణి స్టాండును వాకిట్లోకి తెచ్చి గోడకు ఆనించి, కెమెరాను చేత్తో పట్టుకుని అతని వెనక నిలబడింది. అతని భుజం మీదుగా సంతోషి మొహం కనబడాలి. అలా తీస్తే చెయ్యి జానెడు దూరంలో పోయినా చెంపకు తగిలినట్టే ఉంటుందని భూపాల్ చేసి చూపించాడు.

"ముట్టద్దు బావా. సప్పుడు నేను తర్వాత కలుపుత."

చప్పుడు కలపాల్సిన పని లేకపోయింది. సంతోషి తల వెళ్లి గుమ్మానికి కొట్టుకుంది. గోడ మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. భూపాల్ "కట్" అన్నాడు. సంపత్ ఆగలేదు. ఆమె జుట్టు చేతికి చుట్టుకుని డొక్కలో తన్నాడు.

"కట్ బావా, కట్!"

ఇంకో తన్ను.

"యాక్టింగంటె గిది," అంది ఐలవ్వ.

సంధ్యారాణి అప్పటికే జూమ్ చేసి ఉంది. తెర నిండా సంతోషి మొహమే. నోట్లోంచి కారేది వాళ్లు తెచ్చిన రంగు కాదు.

"ఆపుండ్రి! నిజంగ కొడుతున్నడు!" అని కేక పెట్టింది.

భూపాల్ పరిగెత్తి సంపత్ నడుము పట్టి లాగాడు. చప్పట్లు ఆగిపోయాయి.

"సీను కోసమే గదరా," సంపత్ రొప్పుతూ నవ్వాడు. "కావాల్నంటె దాన్నే అడుగుండ్రి."

అందరూ సంతోషి వైపు చూశారు. అవునంటే చాలు, రేపటి నుంచి మళ్లీ మామూలే. ఆమె విరిగిన పంటిముక్కను అరచేతిలోకి ఉమ్మింది.

"సంధ్యా, ఇప్పుడు ఆయన మొహం తియ్యి. ఇంకింత దగ్గరికి పో. రోజూ నాకెంత దగ్గరికొస్తడో, గంత."

కెమెరా సంపత్ వైపు తిరిగింది. అతను మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మరుక్షణం భూపాల్ పట్టు విడిపించుకుని కెమెరా మీదికి దూకాడు. సంధ్యారాణి వెల్లకిలా పడింది. అతను ఆమె గొంతు మీద మోకాలు ఆనించి కెమెరా గుంజుతుంటే, సంతోషి స్టాండు అందుకుని రెండు చేతులతో అతని మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గోడ దాకా వినబడింది. సంపత్ చెయ్యి పట్టుకుని మట్టిలో దొర్లాడు.

ఐలవ్వ గోడ దిగి వచ్చింది. "నేనే ఎగదోస్తి గదనే బిడ్డా," అంటూ తన కొంగుతో సంతోషి నోరు తుడవబోయింది.

"తుడవకు అవ్వా," అంది సంతోషి. "సంధ్యా, కెమెరాల అంత ఎక్కిందా?"

"ఎక్కిందక్కా."

"అయితె ఆటోను పిలువుండ్రి. పోలీస్ టేషనుకు పోదాం."