గాలి లేని పూట టెస్టు

"మీరు కూర్చోండి మావయ్యగారూ. దయామణీ, నువ్వూ కూర్చో, నేను వడ్డిస్తాను" అన్నాడు సువర్ణరాజు. ఆ ఇంట్లో అన్నం గిన్నె ఎక్కడుంటుందో మొగుడికి తెలుసని దయామణికి ఆ ఆదివారమే తెలిసింది. మామిడికాయ పప్పులో నెయ్యి కూడా అతనే వేశాడు. "మావాడికి పెళ్లామంటే ప్రాణమండీ" అని అత్తగారు మురిసిపోయింది.

నాన్న సలోమోను రెడ్డిగూడెం నుంచి ఊరికే రాలేదు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిందని మొగుడు మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడనీ, ఇది మొదటిసారి కాదనీ, వచ్చి తీసుకెళ్లమనీ దయామణే కబురు పెట్టింది. నాన్న వచ్చాడు, చూశాడు, పప్పు మారు వేయించుకున్నాడు. మెడ మీది మచ్చ కూడా, సిగ్గులేనిది, ఆపాటికి మాసిపోయింది. "బంగారంలాంటి మనిషమ్మా. నీకే ఓపిక తక్కువేమో చూసుకో" అని బస్సెక్కాడు. ఆమె నాన్నని బస్సు దాకా సాగనంపి ఇంటికి తిరిగొచ్చాక, "మీ నాన్నకి ఏం చెప్పావే" అంటూ సువర్ణరాజు తలుపు గడియ పెట్టాడు.

మర్నాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో హెడ్‌సెట్ పెట్టుకుంటే చెవి సలిపింది. నిన్నటి దెబ్బ అక్కడే పడింది. మామిడికాయల వ్యాపారి పాండురంగారావు లైన్లోకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, మధ్యాహ్నమైతే చాలు, పట్నం మండీతో మాట్లాడుతుంటే సగంలో తెగిపోతోంది. లారీ లోడయి నిలబడింది." లైన్‌మన్ చిన్నయ్య సైకిల్ మీద వెళ్లి చూసొచ్చాడు. మన ఆఖరి స్తంభం దాకా లైను శుభ్రం, అవతలివాళ్ల హద్దులో గాలి లేస్తే తోట కొమ్మలు తీగలకి తగులుతున్నాయన్నాడు. దయామణి అవతలి ఎక్స్ఛేంజీకి చేసింది.

"మా వైపు బాగానే ఉంది. పొద్దున్నే టెస్ట్ చేశాం. ఫాల్టు మీ వైపే" అన్నాడు అక్కడి ఆపరేటరు.

"గాలి లేనప్పుడు టెస్ట్ చేస్తే ఏ లైనైనా బాగానే ఉంటుందండీ. గాలి లేచాక చూడండి."

"టెస్టులో బాగుంది కాబట్టి కంప్లయింట్ మూసేశాం. ఆడమనిషివి, కాస్త నెమ్మదిగా మాట్లాడమ్మా."

నెమ్మదిగానే కదా చెప్పింది, నాన్నకైనా ఇతనికైనా. గాలి లేచిన పూట ఎవరొస్తారు చూడ్డానికి? అప్పుడు అత్తగారు రేడియో సౌండు పెంచుతుంది. పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లంతా ముందే కబురు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనం వేళకే వస్తారు. వాళ్లకి నెయ్యి కనిపిస్తుంది. ఫాల్టు నీ వైపేనని చెప్పి వెళ్లిపోతారు. ఇంకోసారి కబురు పెడితే నాన్న మళ్లీ వస్తాడు, మళ్లీ పప్పు తింటాడు, మళ్లీ బస్సెక్కుతాడు. తర్వాత గడియ పడుతుంది. దయామణికి ఏడుపు కూడా రాలేదు, ఒళ్లంతా అలిసిపోయింది.

మధ్యాహ్నం గాలి లేచింది. పాండురంగారావు కాల్ సగంలో తెగింది. అంతలో రెడ్డిగూడెం పోస్టాఫీసు నుంచి నాన్న ఫోను.

"అల్లుడుగారు వడ్డించిన సంగతి చెబితే మీ అమ్మకి కళ్లనీళ్లు తిరిగాయమ్మా. అంతా బాగేనా?"

దయామణి హెడ్‌సెట్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"టెస్టులో బాగానే ఉంది నాన్నా. కంప్లయింట్ మూసేస్తున్నాను" అని బోర్డులోంచి ఆ లైను తీగ పీకేసింది.