మల్లికార్జున్ ఇంట్లో మూడో వంతు

ఇల్లు అమ్ముడయ్యేదాకా పోపు పెట్టొద్దని ఏజెంటు అంకిత చెప్పింది. చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇంగువ వాసన తగిలితే గుమ్మం దాటి లోపలికి రారట. అంచేత కనకదుర్గ ఇన్నాళ్ళూ పోపు లేని పప్పు వండుతూ, పొద్దున్నే అవెన్ రుద్ది, కార్పెట్ శుభ్రం చేసి, వెనిల్లా కలిపిన బిస్కెట్లు కాలుస్తూ వచ్చింది. ఆ వాసనకి ఇల్లు అమెరికన్ అమ్మమ్మ ఇల్లులా ఉంటుందని కూడా అంకితే చెప్పింది. బిస్కెట్లు ఇంట్లో ఎవరూ తినరు. పెరట్లో ఉడతలకి వేస్తే, రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజున పిల్లాజెల్లాతో సహా పక్క ఊరికి కాపురం మార్చేశాయని వీధిలో చెప్పుకున్నారు. మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఆ డిసెంబరు చలి కూడా అలాంటిదే. గరాజ్‌లో ఆరేసిన మొగుడు మల్లికార్జున్ లుంగీ తెల్లారేసరికి చెక్కలా బిగుసుకుపోయి, ఎవరి సాయమూ లేకుండా గోడకి చేరబడి నిలబడింది. దాన్ని లోపలికి మోసుకొచ్చి కరిగించే పనీ దుర్గదే.

"ఇంట్లో ఊరికే ఉంటావుగా" అనేవాడు మల్లికార్జున్. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పేవాడు. ఊరికే ఉండడంలోకి వంట, అంట్లు, గుట్టలుగా పేరుకునే మంచు తవ్వడం, ఆయన ఆఫీసు వాళ్ళకి బిర్యానీ, ఫోన్లో అత్తగారికి రోజూ హాజరు, అన్నీ వచ్చేవి. "మావాడు ఒక్కడూ సంపాదిస్తే మీరందరూ తింటున్నారు" అని అత్తగారు అంటే, "అందరూ" ఎవరా అని దుర్గ వెనక్కి తిరిగి చూసుకునేది. ఆమె వీసా పేరే డిపెండెంట్ వీసా. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. ఏడేళ్ళ కిందట గుంటూరు లా కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, ఇక్కడికొచ్చాక లైబ్రరీ కార్డుకి కూడా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఆమె చెప్పిన సబ్జెక్టు ఇంగ్లండు చట్టాల చరిత్ర. ఏడాదంతా పిల్లలు నిద్రపోని క్లాసు ఒక్కటే ఉండేది. పెళ్ళయితే మొగుడూ పెళ్ళాం చట్టం లెక్కలో ఒకే మనిషి, ఆ ఒక్క మనిషీ మొగుడే, అని చెప్పిన రోజు. ఆవిడ గొర్రెలూ ఆయనవే, గాజులూ ఆయనవే, ఆవిడ సంపాదనా ఆయనదే. ఆవిడ దావా వేయాలన్నా పక్కన ఆయన నిలబడాలి. అబ్బాయిలు బల్లలు చరిచేవాళ్ళు. అమ్మాయిలు తలొంచుకుని రాసుకునేవాళ్ళు. నవ్వులు అణిగాక దుర్గ డవర్ గురించి చెప్పేది. ఆడదాన్ని అంత సాఫీగా మింగిన చట్టానికి గొంతులో ఒక్క ముక్క అడ్డం పడిందర్రా, అనేది. భర్త భూమిలో మూడో వంతు మీద, ఆయన పోయాక, భార్యకి బతికున్నంత కాలం హక్కు. అది వదులుకుంటున్నానని ఆమె సంతకం పెడితే తప్ప, ఆ భూమిని ఆయన ఎవరికి అమ్మినా ఆమె హక్కు దాని వెంటే పోతుంది. ఒకప్పుడు పెళ్ళికొడుకు చర్చి గుమ్మం దగ్గర నలుగురి ముందూ నిలబడి ఆ మాట ఇచ్చేవాడట. "చచ్చిపోయిన చట్టాలకి ఇన్ని క్లాసులెందుకమ్మా" అని ప్రిన్సిపాల్ విసుక్కునేవాడు.

చచ్చిపోయిందనుకున్నది ఓడెక్కి సముద్రం దాటింది. వలసొచ్చినవాళ్ళు వంట సామానుతోపాటు దాన్నీ తెచ్చుకున్నారు. చాలా రాష్ట్రాలు తర్వాత పారేశాయి గానీ, మిషిగన్ మాత్రం అటక మీద పెట్టి మరిచిపోయింది. స్కాలర్‌షిప్ వచ్చింది కాబట్టి మల్లికార్జున్ అడ్డు చెప్పలేదు, ఆ ఏడు దుర్గ డెట్రాయిట్‌లో సాయంత్రం లా కోర్సులో చేరింది. అక్టోబరులో ఒకరోజు ప్రొఫెసర్, ఇక్కడ డవర్ ఇంకా బతికే ఉందన్న సంగతి దారిన పోతూ అన్నట్టు అన్నాడు. దుర్గ ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఏం చదువుతున్నావని అడిగినవాళ్ళుంటే కదా.

నవంబరులో మల్లికార్జున్ అన్నం కలుపుకుంటూ చెప్పాడు. టెక్సస్‌లో, ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. జనవరిలో చేరాలి. ఇల్లు అమ్మకానికి పెట్టేశాడు.

"నాకింకో సెమిస్టర్ ఉందండీ. మేలో అయిపోతుంది. మీరు ముందు వెళ్ళండి, నేను తర్వాత వస్తాను."

"ఎక్కడుంటావ్? ఇల్లు అమ్మేస్తుంటేనూ!"

"అమ్మడం మేలో పెట్టుకోవచ్చుగా."

ఆయన నవ్వాడు. "ఇది నా పెళ్ళికి ముందు కొన్న ఇల్లు దుర్గా. నా పేరు మీద ఉంది. దీనికి నిన్ను అడిగేదేముంది? ఉల్లిపాయలు దొరికినట్టే ఆ చదువూ ప్లేనోలో దొరక్కపోతుందా?"

ఇంతలో కొనేవాళ్ళు దొరికారు. అంకిత వచ్చి, "క్లోజింగ్ రోజున మేడమ్ కూడా అమ్మకం కాగితాల మీద సైన్ చేయాలి, ముందే చెప్పండి" అంది. వంటింట్లో ఉన్న దుర్గకి ఆయన జవాబు వినబడింది. "చెప్పేదేముందండీ. కార్‌లో కూర్చోబెడతా. పిలిస్తే వస్తుంది."

దుర్గ ఆ మాట విని బాధపడలేదు. ఏడేళ్ళుగా తను చేసింది అదే కదా అనుకుంది. పిలిస్తే వచ్చింది. గుంటూరు నుంచి పిలిచారు, వచ్చింది. వంటింట్లోంచి పిలిచారు, వచ్చింది. తన సెమిస్టరంటే ఒట్టి అటెండెన్సు కాదని, అదొక్కటే తను ఎవరూ పిలవకుండా వెళ్ళిన చోటని, ఆయనకి ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు. నీకిష్టమేనా అని ఒక్కసారి అడుగుతాడేమోనని మాత్రం చూసింది. భోజనాల దగ్గర చూసింది, అట్టపెట్టెలకి టేపు వేస్తున్నప్పుడు చూసింది. ఆయన టేపు ఇంకా గట్టిగా లాగమన్నాడు.

క్లోజింగ్ రోజున నిజంగానే కార్‌లో కూర్చోబెట్టాడు. హీటర్ వేసి ఉంచి, "పది నిమిషాలు" అని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి కోటు కూడా లేకుండా వచ్చి అద్దం మీద కొట్టాడు.

"రా రా. ఒక్క సైన్. బయట గడ్డకట్టుకుపోతున్నా."

ఇళ్ళ అమ్మకం కాగితాలు చూసే టైటిల్ ఆఫీసులో మిసెస్ కోవాల్‌స్కీ అనే పెద్దావిడ ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి దుర్గని చూసి, లేచి కుర్చీ జరిపింది. ఈ సంతకంతో ఆ ఇంటి మీద మీ డవర్ హక్కు వదులుకుంటారు, అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"మీ ఇష్టంతోనే చేస్తున్నారా?"

"ఆమెకి ఇష్టమేనండీ. మేమిద్దరం ఒకటే" అన్నాడు మల్లికార్జున్.

"నేను ఆవిడని అడిగాను, సర్."

దుర్గ ఒక్క నిమిషం అని ఆవిడకి చెప్పి, భర్త వైపు తిరిగింది.

"పక్క గదిలో కొనేవాళ్ళు కూర్చున్నారు దుర్గా. పరువు తీయకు" అన్నాడాయన తెలుగులో, మొహం మీద నవ్వు చెరగనివ్వకుండా.

"మీరింకా నన్ను అడగలేదండీ."

"ఏంటి అడిగేది?"

దుర్గ కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు జరిపింది. మిసెస్ కోవాల్‌స్కీ కిటికీలోంచి పార్కింగ్‌లాట్ చూస్తోంది. మల్లికార్జున్ ఇద్దరి మొహాలూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సరే తల్లీ, అడుగుతున్నా. సంతకం పెడతావా?"

"పెట్టను" అంది కనకదుర్గ. "మేలో మళ్ళీ అడగండి."