అత్తాకోడళ్ల మాత్ర

అంతదాకా మా ఆవిడతో వేవిళ్ల గురించి కబుర్లాడుతూ స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. తెర మీదకి వంగి ఏదో కొలిచింది. మళ్లీ కొలిచింది. నేను కుర్చీలోంచి లేచాను. గోడవారగా కూర్చున్న అమ్మ కూడా లేచి నిలబడింది.

"గుండె కొట్టుకుంటోంది, కంగారు పడకండి. కానీ మీరు చెప్పిన లెక్క కంటే బిడ్డ దాదాపు నెల పెద్దగా ఉంది" అంది డాక్టరమ్మ. "అంటే కిందటి నెల మీకు కనబడింది నెలసరి కాదు. అప్పటికే కడుపు నిలిచింది. ఒక్కోసారి అలా కాస్త కనబడుతుంది. ఆ నెల మాత్రలేవీ వేసుకోలేదు కదా?"

మా ఆవిడ తల తిప్పి అమ్మ వైపు చూసింది. అమ్మ నేల వైపు చూసింది. నాకు తెలియకుండా వీళ్లిద్దరూ ఏదో వెలగబెట్టారని అక్కడికక్కడే అర్థమైంది.

మాది పుస్తకాల బైండింగ్ షాపు. అమ్మ కుడుతుంది, మా ఆవిడ జిగురు రాసి అట్టలు వేస్తుంది, నేను అంచులు కోస్తాను. మా దగ్గర ఏదీ వృథా పోదు. ఒకరి దగ్గర మిగిలిన దారం ఇంకొకరి సూదిలోకి ఎక్కాల్సిందే. ఆ బుద్ధే ఇక్కడా పనిచేసింది.

అమ్మకి రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఒంట్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుందట. మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చడం దాని పని. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో కూడా ఒంటి కొవ్వులో అది చడీచప్పుడు లేకుండా ఆ పని చేస్తూనే ఉంటుందట. అమ్మకి వచ్చిన రకం క్యాన్సర్ ఆ హార్మోన్ తినే బతుకుతుంది. అందుకని మాత్రతో ఆ ఎంజైమ్ నోరు నొక్కాలి, ఏళ్ల తరబడి. మా ఆవిడకి పిల్లల కోసం ఇచ్చిందీ అదే మాత్ర. ఈవిడకి మాత్రం నెలసరి మొదట్లో అయిదు రోజులే. హార్మోన్ కాసేపు తగ్గితే మెదడు బెంబేలెత్తి అండాశయాలని పరుగులు పెట్టిస్తుందట. అత్తాకోడళ్లకి ఒకే మాత్ర రాసినప్పుడు మేం ఎంత నవ్వుకున్నామో చెప్పలేను.

"కిందటి నెల మీరు ఊళ్లో లేరు, నా మాత్రలు అయిపోయాయి" అంది మా ఆవిడ చివరికి నాతో. "రక్తపరీక్ష చేయించుకోకుండా వేసుకోవద్దన్నారు. కనబడింది కదా, ఇంక పరీక్షెందుకు అనుకున్నాను."

"నేనే నా మాత్రలు ఇచ్చాను తల్లీ" అంది అమ్మ డాక్టరమ్మతో. "పేరు చూసుకునే ఇచ్చాను. ఒక్క అక్షరం కూడా తేడా లేదు."

"పంచుకోవడానికి అదేమన్నా దారపుండా అమ్మా?" నేను అరిచేశాను. అరిచాక సిగ్గేసింది. వాళ్లిద్దరి మొహాల్లో అప్పటికే నెత్తురు చుక్క లేదు.

డాక్టరమ్మ నన్ను కూర్చోమంది. "బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, బొడ్డుతాడు అంటుకుని ఉండే మాయలో ఈ మాత్ర అణిచే ఎంజైమే బిడ్డకీ తల్లికీ కాపలా కాస్తుంది. అందుకే కడుపుతో ఉన్నవాళ్లకి ఈ మాత్ర ఇవ్వం. పొరపాటున వేసుకున్నవాళ్లలో చాలామందికి పిల్లలు బాగానే పుట్టారు. అలాగని నేను హామీ ఇవ్వలేను. అయిదో నెలలో చేసే పెద్ద స్కాన్ దాకా ఆగాలి" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "మీవి ఆమెకి ఇచ్చేశారు, సరే. మరి మీరు?"

"కొనుక్కున్నాలే" అంది అమ్మ, చేతులు కొంగు కిందకి లాక్కుంటూ.

అప్పుడు వెలిగింది నాకు. ఆ మాత్ర మొదలైనప్పట్నుంచీ అమ్మకి కీళ్లనొప్పులు. పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు, సూదిలో దారం నేనే ఎక్కించాలి. ఈ నెల మాత్రం నన్ను పిలవలేదు. దొంతర్లకి దొంతర్లు తనే కుట్టేస్తోంది. నేను రాసిన తైలం పనిచేసిందని మురిసిపోయాను, వెర్రివెధవని.

"ఆపేశావు కదా?"

"ఆ అయిదు రోజులూ వేసుకోకపోయేసరికి ప్రాణం తెరిపిన పడిందిరా" అంది అమ్మ మెల్లిగా. "వారం తిరిగేసరికి వేళ్లు వంగాయి. ఇంకొన్నాళ్లు చూద్దామనుకున్నాను."

డాక్టరమ్మ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అమ్మని చూసే క్యాన్సర్ డాక్టర్‌కి తనే ఫోన్ చేసి, మధ్యాహ్నమే చూపించుకోవడానికి ఏర్పాటు చేసింది. నొప్పులకి వేరే దారులున్నాయనీ, అవసరమైతే మందు మారుస్తారనీ చెప్పింది. వాళ్లు చూసేదాకా ఈ మాత్రే మళ్లీ మొదలుపెట్టమంది.

కింద మందుల షాపులో స్ట్రిప్ కొన్నాను. బెంచీ మీద కూర్చున్న అమ్మకి మాత్రా నీళ్లూ అందించాను. అమ్మ చెయ్యి చాపలేదు.

"ముందు ఆ పెద్ద స్కాన్ కానివ్వు" అంది. "నా మూలాన ఆ పసిగుడ్డుకి ఏదన్నా అయితే, నేనుండి ఎవర్ని ఉద్ధరించాలిరా?"

బతిమాలాను. కసిరాను. డాక్టర్‌తో చెప్పిస్తానని బెదిరించాను. అమ్మ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. మా ఆవిడ కాస్త దూరంలో గోడకి ఆనుకుని ఉంది. స్కాన్ గది నుంచి బయటికొచ్చాక అమ్మతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక ఈ జన్మలో మాట్లాడదేమోనని నాకు లోపల పీకుతోంది.

ఆవిడ వచ్చి నా చేతిలోంచి మాత్ర లాక్కుంది. అమ్మ ముందు నిలబడింది.

"నాకు మీ మీద ఒళ్లు మండిపోతోంది అత్తయ్యా. నా మీద అంతకంటే ఎక్కువ మండిపోతోంది. రేపు నిజంగానే ఏదన్నా అయితే నేనెవరి ఒళ్లో పడి ఏడవాలి? ఈయన ఒళ్లోనా? ఈయన నాకంటే ముందే ఏడుస్తాడు."

నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే అప్పటికే నా కళ్లు తుడుచుకుంటున్నాను.

అమ్మ కోడలి మొహంలోకి చూసింది. తర్వాత చిన్నపిల్లలా నోరు తెరిచింది.