టోపీలో మూడు చీట్లు

మింటీ పేరు రెండో చీటీలో ఉంది. దాన్ని కన్న బైనా పేరు మూడో చీటీలో ఉంది. చచ్చిపోయిన దొరసాని ఆస్తి పంచడానికి వచ్చిన పెద్దమనుషులు, ఆమె బానిసలమైన మా నలభై ఆరుగురినీ మూడు వాటాలుగా రాసి టోపీలో వేశారు. కొడుకులిద్దరూ, అల్లుడూ తలో చీటీ తీశారు. ఆరేళ్ల పిల్ల చిన్నకొడుక్కి పడింది. తల్లి అల్లుడికి పడింది. అతనిది అలబామా, ఈ కరోలినా నుంచి నెల పైన నడక.

మా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. దొరసాని చచ్చాక మూడేళ్లు ఆ ముగ్గురూ కోర్టులో కొట్టుకున్నారు. వాళ్ల తగువు తీరాలని మేము ప్రతి ఆదివారం మోకాళ్ల మీద ప్రార్థించాం. రాజీ కుదిరిన రోజు పాటలు కూడా పాడాం. ఛీ, మా బతుకులు! వాళ్లు కొట్టుకున్నన్నాళ్లే మేము ఒక్కచోట ఉన్నామని ఒక్కడికీ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం గాదె వెనక చేరాం. పారిపోదామన్నారు కుర్రాళ్లు. దొరల కాళ్లు పట్టుకుందామన్నారు ముసలివాళ్లు. తూము కాసే క్వాష్ తాతా అదే మాట. బైనాకి ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు పట్టుకున్నాం తాతా కాళ్లు? పండిన వరి నీళ్లలో నిలబడుంది. నువ్వు తూము తీసి ఆ నీళ్లు నదిలోకి వదిలితేనే కోత. లేకపోతే కుళ్లిపోద్ది, పంచుకోడానికి గింజ మిగలదు."

"మరి నా వీపు సంగతి?" అన్నాడు తాత.

"నీ ఒక్కడి వీపు కాదు. గట్టు మీద అందరం కూచుంటాం."

మర్నాడు ఆటు వేళకి, సముద్రంతో పాటే నది దిగింది. తూము తెరుచుకోలేదు. దొరసాని పెద్దకొడుకు, మా పెద్దదొర, తాత చేతులు కట్టించి జైలుకి పంపాడు. తాత మావైపు తిరిగి, "లెగవొద్దు," అన్నాడు. అంతే.

తర్వాత మా చేత పని చేయించే మేస్త్రీ తనే తూము తలుపు లాగాడు. వేళ తెలియని వెధవ, నది పొంగే పోటులో లాగాడు. నది మడిలోకి వచ్చి పడింది. మళ్లీ మూయడం వాడి వల్ల కాలేదు. పెద్దదొర బురదలో పరుగెత్తుకొచ్చి, ఈ పని ఇంకెవరికి తెలుసని అడిగాడు.

అందరికీ తెలుసు. ఆ గట్లు వేసింది మా తాతలే. ఒక్కరమూ లేవలేదు.

బైనా పిల్లని ఒళ్లో పెట్టుకునే అంది: "తాతని తీసుకురండి. మింటీ పేరు నా పేరు పక్కన రాయండి. నీళ్ల మాట అప్పుడు మాట్లాడదాం దొరా."

పెద్దదొర కొరడా తెమ్మన్నాడు. తెచ్చారు. నలభై ఐదుగురం ఒకళ్లనొకళ్లు ఆనుకుని కూచున్నాం. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో దొరకి తెలియలేదు. వరి మునుగుతూనే ఉంది.